కాలువ పని కింది నుంచి మొదలుపెట్టు

చిరంజీవి చిన్నాకు, పెదనాన్న ఆశీస్సులు.

కాలనీ సంఘానికి కార్యదర్శివి అయ్యావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. సంతోషం. వచ్చీ రాగానే వీధి మునగకుండా, వాన నీళ్లు పోయే రెండడుగుల పైపు తీయించి నాలుగడుగుల పైపు వేయించమని జీహెచ్‌ఎంసీకి అర్జీ రాశావట. ఇంకా ఇవ్వకపోతే ఓ పది రోజులు ఆపు.

పైపు సైజు తర్వాతి మాట. ముందు ఆ నీళ్లు చివరికి ఎక్కడ పడుతున్నాయో నడుచుకుంటూ వెళ్లి చూడు. మీ వీధి పైపు పెద్ద నాలాలో కలిసే మూతి దగ్గర నిలబడు. ఎండలో ఒకసారి, గట్టి వాన పడ్డప్పుడు ఇంకోసారి. వానలో నాలా నీటిమట్టం ఆ మూతి కన్నా పైకి వస్తే మీ నీళ్లు బయటికి పోవు సరికదా, నాలా నీళ్లే మీ ఇళ్లలోకి ఎదురొస్తాయి. అప్పుడు పెద్ద పైపు వేస్తే ఎదురొచ్చే నీళ్లకు దారి పెద్దది చేసినట్టే. అందుకే పనులెప్పుడూ కింది నుంచి పైకి రావాలి. ముందు నాలాలో పూడిక, తర్వాత ఇరుకు కల్వర్టు, ఆ తర్వాతే మీ వీధి.

హైదరాబాద్ నేల తీరే అంత. ఒక చెరువు నిండి అలుగు పారితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేలా గొలుసుకట్టుగా కట్టారు. మధ్యలో కాలువలు మూసి ప్లాట్లు వేశాం, నీళ్లు మాత్రం పాత దారిలోనే వస్తున్నాయి. 2020 అక్టోబరులో బాలాపూర్ గుర్రం చెరువుకు గండి పడి కింద హఫీజ్ బాబా నగర్ మునిగింది. టోలిచౌకిలో నదీం కాలనీ రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. ఆ వరదల తర్వాతే నాలాల అభివృద్ధికి ఎస్‌ఎన్‌డీపీ అని ప్రత్యేక కార్యక్రమం పెట్టారు. నిజానికి నాలాలు వెడల్పు చేయాలని 2000 ఆగస్టు వరదల తర్వాత కిర్లోస్కర్ అనే సలహా సంస్థ ఇచ్చిన నివేదికే చెప్పింది. ఇరవై ఏళ్లు పట్టింది, అది వేరే కథ.

ఇప్పుడు చిన్న లెక్క. మీ కాలనీ పదెకరాలు అనుకో. గంటలో 5 సెంటీమీటర్ల వాన పడితే దాదాపు 20 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లయితే 400. మన పాత కాలువలు చాలావరకు గంటకు 2 సెంటీమీటర్ల వానకు సరిపోయేవని ఇంజనీర్లు చెబుతుంటారు. పైగా ఇప్పుడు ఖాళీ స్థలాలు లేవు, అంతా సిమెంటు, టైల్సే. ఇంకుడు గుంతలు తవ్వితే చాలని మీటింగులో ఎవరో ఒకరు అంటారు. తవ్వండి, బోర్లకు మంచిది, నీళ్లు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టమూ అదే చెబుతోంది. కానీ ఆరడుగుల పొడవు, వెడల్పు, లోతుతో తవ్వి కంకర నింపిన గుంతలో పట్టేది రెండు వేల లీటర్ల పైచిలుకే. వరదకు అది జవాబు కాదు.

లెవెల్స్ తీయడానికి పెద్ద మిషన్లు అక్కర్లేదు. మేస్త్రి దగ్గర నీళ్లు పోసిన ట్యూబు లెవెల్ ఉంటుంది. ఒకడు ఒక కొసను మీ గేటు స్తంభానికి ఆనించి పట్టుకోవాలి, ఇంకొకడు రెండో కొసతో తర్వాతి ఇంటికి నడవాలి. ట్యూబులో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది, తట్టి తట్టి పోగొట్టాలి. అలా కల్వర్టు దాకా ప్రతి గేటుకూ పెయింటుతో ఒకే మట్టం గీత పెట్టించు. గీత నుంచి రోడ్డుకు ఎంత, ఇంటి గడపకు ఎంత, పోయినేడు గోడ మీద నీళ్లు వదిలిన మరకకు ఎంత, అన్నీ రాసుకో. ఏ ఇల్లు ఎందుకు మునుగుతోందో ఆ కాగితమే చెబుతుంది. ఒక్కోసారి తప్పు కాలువది కాదు, రోడ్డుది. పాత రోడ్డు మీద కొత్త రోడ్డు వేసుకుంటూ పోతే ఇళ్లు గుంతలో పడ్డట్టవుతాయి. ఈసారి రోడ్డు పని వస్తే పాత పొర గీకేసిన తర్వాతే వేయమని పట్టుబట్టు.

మేడల మీది వాన పైపులు ఎన్ని డ్రైనేజీ మ్యాన్‌హోల్‌లో కలిపారో కూడా చూడు. కింది పోర్షన్లలో బాత్రూమ్ నుంచి మురుగు ఉబికేది ఎక్కువగా అందుకే. డ్రైనేజీ లైను జలమండలిది, వరద కాలువ జీహెచ్‌ఎంసీది. రెండింటికీ ఒకే అర్జీ రాస్తే ఇద్దరూ ఆ పక్క ఆఫీసుకు వెళ్లమంటారు. ఆ పైపులు విడదీయమని ఇంటింటికీ అడగాలి. ముందు మీ అధ్యక్షుడి ఇంటి నుంచి మొదలుపెట్టు, మిగతావాళ్లు నోరెత్తరు.

నాలా మీద ఆక్రమణ సంగతి జాగ్రత్త. పది మీటర్ల వెడల్పు దాకా ఉన్న నాలాకు దాని హద్దు నుంచి రెండు మీటర్లు, అంతకు మించితే తొమ్మిది మీటర్లు కట్టడాలు లేకుండా వదలాలని 2012 నాటి 168 జీవో. అర్జీలో ఎవరి పేరూ రాయకు, నక్షా ప్రకారం సర్వే చేయించమని మాత్రమే అడుగు. అందరి కళ్లూ ముందు గుడిసెల మీదే పడతాయి. నేను చూసినంతలో నీళ్లకు అడ్డం నిలిచేవి ఎక్కువగా పెద్ద ప్రహరీలే.

పని మంజూరయ్యాక అసలు కాపలా అప్పుడు. వంద మీటర్లకు అడుగు వాలు ఉందో లేదో పైపు పూడ్చకముందే చూడాలి. పైన స్లాబు వేసే కాంక్రీటు కాలువ, అదే బాక్స్ డ్రెయిన్ అయితే స్లాబు కింద సెంట్రింగ్ చెక్కలు వదిలేసి వెళ్లిపోతుంటారు, టార్చి వేసి ఫోటో తీయించు. నల్లా పైపుగానీ కేబుల్‌గానీ కాలువలో అడ్డంగా పోనివ్వకు, మొదటి వానకే దానికి కవర్లు చుట్టుకుంటాయి. రోడ్డు మీది నీళ్లు కాలువలోకి దిగే జాలీలు అసలైన పల్లంలో పెట్టించు, కార్పొరేటర్ గారింటి ముందు కాదు. తీసిన పూడిక గట్టున ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.

వానలో మ్యాన్‌హోల్ మూత ఎవరు తీసినా ఊరుకోవద్దు. లోపలికి మనిషిని దింపడానికి అసలే ఒప్పుకోకు, రక్షణ పరికరాలు లేకుండా మురుగు లైనులోకి దింపి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం.

ఆదివారం మేస్త్రి దొరికితే లెవెల్స్ తీయించి ఆ కాగితం వాట్సాప్‌లో పెట్టు. కొలతలన్నీ సెంటీమీటర్లలోనే రాయి, అడుగులూ అంగుళాలూ కలిపితే ఆఫీసులో మళ్లీ మొదటి నుంచి కొలవమంటారు.

మీ పెదనాన్న