సెప్టిక్ ట్యాంకు పూడ్చమంటున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లాలోని ఒక మున్సిపల్ పట్టణం. ఇల్లు కట్టినప్పటి నుంచీ సెప్టిక్ ట్యాంకే వాడుతున్నాం. మా వీధిలో భూగర్భ డ్రైనేజీ పైపులు వేసి రెండేళ్లయినా వాటిలో మురుగు పారడం లేదు. ఇప్పుడేమో కనెక్షన్ డబ్బు కట్టి ట్యాంకు పూడ్చుకోమని సిబ్బంది వచ్చి చెప్పి వెళ్లారు. కాదంటే ఏమవుతుంది?

జవాబు: ముందు ఆ ట్యాంకు జోలికి వెళ్లకండి. లైను నడుస్తోందని, మీ ఇల్లు అందులో కలిసిందని కాగితం చేతికొచ్చే దాకా మీకు ట్యాంకే దిక్కు. అక్టోబరు, నవంబరు వానలకు మన జిల్లాలో ఉన్న ట్యాంకులే పొంగుతుంటాయి, లేని ఇంటి సంగతి చెప్పాలా!

అలాగని 'మాకు ట్యాంకు ఉంది, మీ పైపు అక్కరలేదు' అనడం కుదరదు. లైను పనిచేయడం మొదలైతే ఇంటి మురుగును అందులో కలపమని యజమానికి నోటీసు ఇచ్చే అధికారం మున్సిపాలిటీకి ఉంది. ఆ నోటీసు రాతపూర్వకంగా రావాలి. గుమ్మం ముందు నిలబడి చెప్పిన మాట నోటీసు కాదు.

ఇక డబ్బు. ఏ కౌన్సిల్ తీర్మానం లేదా ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం వసూలు చేస్తున్నారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. మురుగు శుద్ధి కేంద్రం పూర్తయిందా అన్నది కూడా అదే దరఖాస్తులో చేర్చండి. ఇలాంటి పనుల్లో చిక్కంతా అక్కడే ఉంటుంది. వీధిలో పైపు అందరికీ కనిపిస్తుంది, దాని చివర ఎవరికీ కనిపించదు.

నిధులు లేవని చెబితే ఊరుకోకండి. మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ ఇదే సాకు చెప్పగా, డబ్బు లేదన్న కారణంతో మురుగునీటి ఏర్పాట్ల బాధ్యత నుంచి తప్పించుకోలేరని సుప్రీంకోర్టు 1980లోనే తేల్చింది. ఆ కేసుకు మూలమైన, ప్రజలకు ఇబ్బంది కలిగించే వాటిని తొలగించమని ఆదేశించే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షన్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152వ సెక్షన్. దాని కింద ఆర్డీఓకు ఫిర్యాదు చేయవచ్చు. నేనైతే ముందు శాశ్వత లోక్ అదాలత్‌కు వెళ్లమంటాను. పారిశుద్ధ్యం దాని పరిధిలోనిదే, కోర్టు ఫీజు ఉండదు, రాజీ కుదరకపోయినా అదే తీర్పు ఇవ్వగలదు. అయితే అదే వివాదంపై ముందుగా ఏ కోర్టుకూ వెళ్లి ఉండకూడదు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడిగితే దారి చూపుతారు.

మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. రేపు ట్యాంకు మూసే రోజున దాన్ని ముందు యంత్రంతోనే ఖాళీ చేయించండి. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని లోపలికి దింపితే, పిలిపించింది మీరే కాబట్టి 2013 నాటి పాకీపని నిషేధ చట్టం కింద కేసు మీ మీదే పడుతుంది. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. లోపల పేరుకున్న విషవాయువుకు ప్రాణాలు పోయిన కూలీల కుటుంబాలను చూసిన వాడిగా చెబుతున్నాను, బండి కిరాయి దగ్గర బేరమాడకండి.

డబ్బు కట్టాల్సి వస్తే రసీదు మీద కనెక్షన్ ఎప్పటిలోగా ఇస్తారో రాయించుకోండి.