ఛందస్సు రానందుకు కాదు, తమ్ముడూ

విశాఖపట్నం

తమ్ముడూ,

నీ కవితలన్నీ రెండేసి సార్లు చదివాను. ఉత్తరంలో నువ్వు రాసిన ఒక మాట మాత్రం గుచ్చుకుంది. "ఛందస్సు రాదు కాబట్టి వచన కవిత రాస్తున్నాను" అన్నావు. అందుకే వచన కవి కుందుర్తి ఆంజనేయులు గారి గురించి చెప్పాలనిపించింది. ఆయన మొదట్లో పద్యం రాసినవారే. చేతనై కూడా వదిలేశారు.

శ్రీశ్రీ మన ఊరి మనిషి, నీకూ నాకూ ప్రాణం. కానీ 'మహాప్రస్థానం' గేయం పైకి చదివి చూడు, కాలు దానంతటదే తాళం వేస్తుంది. అది మాత్రా ఛందస్సు బలం, అంటే మాత్రలు లెక్కపెట్టి కట్టిన లయ. వచన కవితకి ఆ ఆసరా లేదు. 1939లోనే కవి పట్టాభి 'ఫిడేలు రాగాల డజన్' అనే సంపుటితో దారి తీశారు, నిజమే. కానీ జీవితమంతా వచన కవితనే నమ్ముకుని, దానికోసం వాదించి, ఫ్రీవర్స్ ఫ్రంట్ అనే సంస్థ పెట్టి, కొత్తవాళ్లకి అవార్డులిచ్చి నిలబెట్టింది కుందుర్తి.

నీ హార్బర్ కవితలో,

తెల్లారకముందే
నాన్న చేతుల్లో వల
ఉప్పునీళ్లు కారుస్తోంది

అని ఉంది. ఎంత బాగుందో! 'వల' దగ్గర ఆగి చూస్తాం, తర్వాత నీళ్లు కారతాయి. ఆ విరుపుకి పనుంది. అదే కవిత చివర 'బతుకు / సముద్రం / లాంటిది' అని మూడు ముక్కలు చేశావు. ఒకే లైన్లో రాసి చూడు, ఏమీ పోదు. పైగా అది అందరూ అనేసిన మాట. కొట్టేయ్.

వచన కవిత కథ చెప్పాలన్నది కుందుర్తి పట్టుదల. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని 1956లో 'తెలంగాణ' అని వచనంలోనే కావ్యం చేశారు. ఆయన దీర్ఘ కవితల్లో అక్కడక్కడా నడక మందగించి ఉపన్యాసంలా అనిపిస్తుంది నాకు. అయినా ఆ సాహసం నీకు కావాలి. మీ నాన్న వేటకెళ్లి మూడు రోజులు తిరిగి రాకపోతే, ఇంట్లో ఆ టెన్షన్ అంతా ఒక్క లైన్లో తేల్చేశావు. ఆ మూడు రోజులూ రాయి. పొయ్యి వెలిగిందా? అమ్మ ఎవరెవరి గుమ్మం తొక్కింది?

కుందుర్తి గారి పుస్తకం 'నగరంలో వాన' నా దగ్గరుంది, ఇస్తాను. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డుకి రా, హార్బర్ కవిత తీసుకుని. నువ్వు చదువు, నేను కళ్లు మూసుకుని వింటాను. లైను ఎక్కడ విరిగిందో నా చెవికి తెలియాలి.

ప్రేమతో,
అన్నయ్య