ప్రీస్కూల్‌లో ప్యాంటు తడుపుకుంటున్నాడు.. జబ్బా? బట్టలా?

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు దాటి రెండు నెలలైంది. వచ్చే నెల నుంచి రోజూ ప్రీస్కూల్‌కు పంపబోతున్నాం. అలవాటు కోసం ఇప్పటికే వారంలో రెండు మూడు సార్లు కాసేపు వదిలి తీసుకొస్తున్నాం. యూనిఫాం లేదు కాబట్టి పుట్టినరోజుకు వచ్చిన జీన్స్, బెల్టు, కాలర్ చొక్కాలు వేస్తున్నాను. ఇంట్లో చెప్పి బాత్రూమ్‌కు వెళ్తాడు. అక్కడ మాత్రం ప్యాంటు తడుపుకుంటున్నాడు. లేదంటే బిగబట్టుకుని ఇంటికి రాగానే పరుగెడుతున్నాడు. మెడ దగ్గర గుచ్చుకుంటోందని చొక్కా వేస్తుంటేనే ఏడుస్తాడు. బొడ్డు కింద ఎర్రగా, దురదగా ఒక మచ్చ కూడా వచ్చింది. మూత్రం సమస్య ఏమైనా ఉందా? రోజూ వేయడానికి ఎలాంటి బట్టలు కొనాలి? - ఒక తల్లి

జవాబు: టెన్షన్ పడకండి. ఇంట్లో చెప్పి వెళ్తున్నాడు, తడుపుకోవడం లేదు అంటే మూత్రం మీద అదుపు వచ్చినట్టే. లోపల ఏదైనా జబ్బు ఉంటే సాధారణంగా ఇంట్లోనూ దాని లక్షణాలు కనిపిస్తాయి. మీ ఉత్తరం చదువుతుంటే నా దృష్టి నేరుగా ఆ జీన్స్, బెల్టు మీదికే పోయింది. ఇంట్లో బహుశా ఎలాస్టిక్ నిక్కరుతో తిరుగుతుంటాడు, లేదా ప్యాంటు మీరే విప్పుతుంటారు. అక్కడ ఆ పని తనే చేసుకోవాలి.

ఒకసారి ఇంట్లోనే అదే జీన్స్, అదే బెల్టు వేసి, సాయం చేయకుండా పక్కన నిలబడి చూడండి. ముందు బెల్టు కొసను లూపులోంచి బయటికి లాగాలి. బకిల్ పుల్ల రంధ్రంలోంచి రావాలంటే బెల్టును ఇంకాస్త బిగించి లాగాలి. వదులు చేయడానికి ముందు బిగించాలన్న సంగతి మూడేళ్ల పిల్లవాడికి తట్టదు. అది అయ్యాక లోహపు గుండీ. కొత్త జీన్స్‌లో కాజా బిగుతుగా ఉంటుంది. ఒక చేత్తో బట్టను పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో గుండీని పక్కకు తోయాలి. వంగి చూద్దామంటే చొక్కా అడ్డం వస్తుంది. ఆ తర్వాత జిప్. అప్పటికే కాళ్లు దగ్గరికి ముడుచుకుని ఊగడం మొదలుపెడతాడు.

ఈ వయసులో మూత్రాశయంలో పట్టేది సుమారు 120 నుంచి 150 మిల్లీలీటర్లు మాత్రమే. పైగా ఆటలో మునిగిన పిల్లలకు మూత్రం వస్తోందన్న సంగతి ఆఖరు క్షణంలో గానీ గుర్తురాదు. గుర్తొచ్చాక ఆగగలిగేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపూ బెల్టుకే సరిపోతే ప్యాంటు తడవక ఏమవుతుంది? ఇందులో బాబు తప్పేమీ లేదు. దయచేసి దీనికోసం తిట్టొద్దు, వాడి ముందు ఇతరులతో చెప్పుకోవద్దు.

తడుపుకోవడం కన్నా బిగబట్టుకోవడమే నాకు ఎక్కువ ఆందోళన కలిగించే విషయం. తడిసిన ప్యాంటు మార్చేస్తే అయిపోతుంది. రోజూ గంటల తరబడి ఆపుకునే అలవాటు పడితే మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది, మూత్రంలో ఇన్ఫెక్షన్ రావడానికి దారి ఏర్పడుతుంది. మల విసర్జనా అంతే. ప్యాంటు విప్పుకోలేక ఆపుకున్న పిల్లవాడికి మలం గట్టిపడుతుంది, మర్నాడు నొప్పి పుడుతుంది, ఆ నొప్పి భయంతో ఇంకా ఆపుకుంటాడు. పేగు చివర మలం నిండిపోతే అది పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది. దాంతో మళ్లీ ప్యాంటు తడుపుకోవడం. కొందరు పిల్లలు బాత్రూమ్‌కు వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగడమే మానేస్తారు. మీ బాబు ఇంటికొచ్చేసరికి నీళ్ల సీసా నిండుగానే ఉంటోందేమో గమనించండి.

అందుకే రోజువారీ బట్టలు కొనేటప్పుడు నేను చెప్పే పరీక్ష ఒక్కటే: పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా కిందికి లాక్కుని, పని అయ్యాక మళ్లీ పైకి లాక్కోగలగాలి. అది కుదరకపోతే ఎంత ముద్దొచ్చే బట్టలైనా ప్రీస్కూల్‌కు వద్దు. మామూలు ఎలాస్టిక్ ప్యాంట్లు, నిక్కర్లు చాలు. ఎలాస్టిక్ మరీ బిగువుగా ఉండకూడదు. నడుము దగ్గర మీ రెండు వేళ్లు సులువుగా దూరాలి, సాయంత్రం విప్పినప్పుడు చర్మం మీద ఎర్రటి చార ఉండకూడదు. వదులైపోయి పరిగెడుతుంటే జారిపోయేదీ ఇబ్బందే. లోపల వేసే డ్రాయర్ కూడా వాడే లాక్కోగలిగేలా ఉండాలి. ప్యాంటు గురించి ఆలోచించి డ్రాయర్ సంగతి మర్చిపోతుంటారు.

మగపిల్లల విషయంలో జిప్ వద్దనడానికి ఇంకో కారణం ఉంది. తొందరలో జిప్ పైకి లాగుతుంటే అంగం చర్మం అందులో ఇరుక్కుంటుంది. ఇలాంటి కేసులు పిల్లల డాక్టర్లందరికీ తెలిసినవే. పొరపాటున జరిగితే జిప్‌ను బలంగా కిందికీ పైకీ లాగకండి. కాస్త నూనె రాసి, బాబును కదలనివ్వకుండా, అవసరమైతే చుట్టూ ఉన్న బట్టను కత్తిరించి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇది చదివే ఆడపిల్లల తల్లులకు కూడా ఒక మాట. పైనుంచి కిందిదాకా ఒకటే ముక్కగా ఉండే జంప్‌సూట్లు, భుజాల మీద పట్టీలుండే డంగ్రీలు ప్రీస్కూల్‌కు అస్సలు పనికిరావని నా ఖచ్చితమైన అభిప్రాయం. మూత్రానికి వెళ్లాలంటే సగం ఒళ్లు విప్పాలి, పట్టీలు నేల మీది తడిలో పడతాయి. పాదాల దాకా ఉండే గౌన్లు మెట్ల మీద కాళ్లకు అడ్డం పడతాయి. ఒంటికి అతుక్కునే సింథటిక్ లెగ్గింగ్స్ రోజంతా వేస్తే చెమట, రాపిడి వల్ల మూత్రం పోసే చోట ఎర్రబడి మంట పుడుతుంది. దాన్ని ఇన్ఫెక్షన్ అనుకుని కంగారుపడతారు. కాటన్ డ్రాయర్, మోకాలి వరకు గౌను, లోపల వదులైన షార్ట్స్ ఉంటే హాయిగా ఉంటుంది.

ఇక బొడ్డు కింది మచ్చ. చూడకుండా తేల్చి చెప్పలేను గానీ, జీన్స్ గుండీ సరిగ్గా అక్కడే తగులుతుంది కాబట్టి నికెల్ అలర్జీని అనుమానించాలి. చాలా లోహపు గుండీల్లో, బకిళ్లలో నికెల్ ఉంటుంది. చెమట తగిలితే అది కొద్దికొద్దిగా చర్మంలోకి దిగుతుంది. పడని పిల్లలకు ఒకటి రెండు రోజుల్లో ఎర్రటి, దురద పుట్టే మచ్చ వస్తుంది, ఒక్కోసారి నీటి పొక్కులు కూడా వస్తాయి. ఆ జీన్స్, బెల్టు రెండు మూడు వారాలు పక్కన పెట్టి చూడండి. మచ్చ తగ్గి, మళ్లీ వేసినప్పుడు తిరిగి వస్తే కారణం తెలిసిపోయినట్టే. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన స్టెరాయిడ్ క్రీమ్ మాత్రం వాడికి పూయకండి. తగ్గకపోయినా, రసి కారినా చర్మ డాక్టర్‌కు చూపించండి.

మెడ దగ్గర గుచ్చుకుంటోందంటే అది మొండితనం అనుకోవద్దు. కొందరు పిల్లల చర్మానికి ఆ చిన్న లేబుల్ నిజంగానే బాధగా ఉంటుంది. లేబుల్‌ను కత్తెరతో సగానికి కత్తిరిస్తే మిగిలిన మొండి అంచు ఇంకా ఎక్కువ గుచ్చుతుంది. కుట్టు విప్పి పూర్తిగా తీసేయండి. కాలర్ లేని, మెత్తని కాటన్ టీషర్టులు వేయండి. చొక్కాలే కావాలంటే గుండీలు పెద్దవి, తక్కువ ఉన్నవి చూడండి. కొనేటప్పుడు బట్టను తిరగేసి, లోపలి కుట్ల మీద మీ మణికట్టు లోపలి వైపు రుద్ది చూస్తే గరుకుదనం తెలిసిపోతుంది. ఏ బట్ట వేసినా, జుట్టు దువ్వినా, చేతికి తడి తగిలినా అంతే తీవ్రంగా ఏడుస్తుంటే అప్పుడు పిల్లల డాక్టర్‌తో ప్రత్యేకంగా మాట్లాడాలి.

కొత్త బట్టలను ఉతికాకే వేయండి. ముడతలు పడకుండా వాడే రసాయనాలు, అదనపు రంగు కొంతవరకు పోతాయి. పొడి చర్మం, ఎగ్జిమా ఉన్న పిల్లలకైతే సువాసనల డిటర్జెంట్లు, సాఫ్ట్‌నర్లు మానేసి, మంచినీళ్లలో ఇంకోసారి జాడించాలి. అన్నవో అక్కవో దాచిన పాత బట్టలు వాడుకోవడం మంచిదే, ఉతికి ఉతికి మెత్తబడి ఉంటాయి. కానీ పిల్లల బట్టల్లో నాఫ్తలీన్ ఉండలు ఎప్పుడూ వేయొద్దు. జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లల్లో నాఫ్తలీన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు, రక్తహీనత వస్తాయి. ఆ లోపం ఉందని చాలా కుటుంబాలకు ముందుగా తెలియదు.

హుడీల మెడ దగ్గర వేలాడే తాళ్ల గురించి కాస్త గట్టిగానే చెబుతాను. జారుడుబల్ల మీద నుంచి దిగుతున్నప్పుడు ఆ తాడు ముడి పైన ఎక్కడో ఇరుక్కుంటే మెడ బిగుసుకుంటుంది. ఇలా ప్రాణాలు పోయిన సంఘటనల తర్వాతే అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంస్థ 1996లో పిల్లల దుస్తుల తాళ్లపై మార్గదర్శకాలు ఇచ్చింది. యూరప్ ప్రమాణాల ప్రకారం కూడా ఏడేళ్లలోపు పిల్లల బట్టలకు తల, మెడ భాగంలో తాళ్లు ఉండకూడదు. ఇంట్లో ఉన్న హుడీలకు తాడు ఉంటే ఈరోజే లాగేయండి. మెడలో గొలుసులు, దండలు కూడా ప్రీస్కూల్‌లో ఉండే ఆ కాసేపు తీసేయండి. ఊడొచ్చే పూసలు, చమ్కీలు, వదులైన గుండీలు నోట్లోకో ముక్కులోకో పోతాయి.

చెప్పులు, బూట్లలో లేసులు వద్దు. లేసు కట్టుకోవడం పిల్లలకు ఐదారేళ్లకు గానీ రాదు. వెల్‌క్రో పట్టీ ఉన్నవి తీసుకోండి. కొలత కోసం సాయంత్రం పూట బాబును కాగితం మీద నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీయండి. కూర్చోబెట్టి గీస్తే తక్కువ వస్తుంది, బరువు పడినప్పుడే పాదం విచ్చుకుంటుంది. పొడవైన వేలికి ముందు సుమారు ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. వచ్చే ఏడాదికీ పనికొస్తాయని పెద్ద సైజు కొంటే మడమ జారి పడిపోతాడు. రెండు మూడు నెలలకోసారి మళ్లీ చూసుకోండి, ఎందుకంటే బూటు బిగుతైందని ఈ వయసు పిల్లలు సరిగ్గా చెప్పలేరు.

మిగిలిన ఈ కొద్ది వారాల్లో విప్పుకోవడం, వేసుకోవడం నేర్పండి. ప్యాంటును మోకాళ్లు దాటి తొడల దాకా మీరు లాగి, ఆఖరున నడుము దాకా లాక్కోవడం వాడికి వదిలేయండి. అది వచ్చాక మోకాళ్ల దగ్గర నుంచి, ఆ తర్వాత చీలమండల దగ్గర నుంచి. ఆఖరి అంచె వాడి చేతిలో ఉంటే 'నేనే వేసుకున్నా' అన్న సంతోషం దక్కుతుంది. ఇది హడావిడి ఉన్న ఉదయం కాకుండా సాయంత్రం స్నానం తర్వాత చేయండి. సంచిలో ఒక జత బట్టలు, డ్రాయర్, సాక్సులు, తడి బట్టలకు ఒక కవరు పెట్టి, అవి ఎక్కడ ఉన్నాయో వాడికీ చూపించండి. రాగానే ఒకసారి, ఆటకు ముందు ఒకసారి బాత్రూమ్‌కు తీసుకెళ్లమని టీచర్‌ను అడగండి. అడగడానికి మొహమాటపడాల్సిన పనిలేదు.

బట్టలు మార్చిన రెండు మూడు వారాలకు కూడా తడుపుకోవడం తగ్గకపోతే మూత్ర పరీక్ష చేయించండి. మూత్రం పోసేటప్పుడు మంట, ముక్కడం, ధార సన్నబడటం, చుక్కలు చుక్కలుగా కారుతూ ఉండటం, మూత్రంలో రక్తం, ఇంట్లోనూ తడుపుకోవడం ఉంటే అన్ని వారాలు ఆగొద్దు. ఏ కారణమూ తెలియని జ్వరం ఉన్నా, విపరీతంగా దాహం వేసి మాటిమాటికీ ఎక్కువ మూత్రం పోస్తూ చిక్కిపోతున్నా అదే రోజు చూపించాలి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు, రెండు మూడు రోజుల పాటు బాబు ఏ వేళకు మూత్రం పోశాడు, ఎప్పుడు తడుపుకున్నాడు, ఎన్ని నీళ్లు తాగాడు, మలం గట్టిగా ఉందా మెత్తగా ఉందా అన్నది ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లండి.