ప్రయాణాల పేజీ: విశాఖ నుంచి కోరంగి దాకా ఆరు రోజుల్లో

ప్రశ్న: నవంబరు రెండో వారంలో ఆరు రోజులు సెలవు పెట్టుకున్నాం. ఇద్దరు పిల్లలు (11, 7 ఏళ్లు), అత్తగారు, మామగారు (ఇద్దరికీ 65 దాటాయి, అత్తయ్యకు మోకాళ్ల నొప్పి). వైజాగ్, బొర్రా, అరకు, వంజంగి, లంబసింగి, మారేడుమిల్లి, పాపికొండలు, కోరంగి మడ అడవులు అన్నీ చూడాలని ఉంది. హైదరాబాద్ నుంచి ఎలా వేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ఎనిమిదింట్లో మూడు వదిలెయ్యాలి. పాపికొండలు, మారేడుమిల్లి రాజమండ్రి వైపు ప్రయాణం. వాటికి విడిగా మూడు రోజులు పెట్టుకుని ఇంకోసారి వెళ్లండి. వంజంగి తెల్లవారకముందే కొండెక్కితేగానీ దక్కని దృశ్యం. అత్తగారి మోకాళ్లతో అది కుదరదు, ఏడేళ్ల పిల్లవాణ్ణి మూడున్నరకి లేపి చీకట్లో నడిపించడమూ కష్టమే. మబ్బుల సరదా లంబసింగిలో కారు దిగినచోటే తీరుతుంది.

చాలామంది విశాఖలో గది తీసుకుని, రోజూ అక్కణ్ణుంచే వెళ్లొస్తుంటారు. ఎక్కిన ఘాట్ మళ్లీ దిగడం, దిగింది మళ్లీ ఎక్కడం! విశాఖలో దిగి కాకినాడలో రైలెక్కేలా ఒకవైపు దారి వేసుకుంటే ఒక రోజంతా మిగులుతుంది. ఏజెన్సీలో, అంటే ఈ కొండ ప్రాంతంలో, దూరం చూసి లెక్క వెయ్యకండి. అరకు నుంచి పాడేరు సుమారు 45 కిలోమీటర్లే, కానీ గంటన్నర నుంచి రెండు గంటలు పట్టొచ్చు. నవంబరులో అయిదున్నరకల్లా చీకటి పడిపోతుంది. చీకటి పడేలోపు ఆ రాత్రి బస చేరాలన్నది ఒక్కటే పట్టుగా పాటించండి.

మొదటి రోజు: ముందు సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి విశాఖ. పొద్దున సింహాచలం, మధ్యాహ్నం కాసేపు నిద్ర, తర్వాత ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన అసలు సబ్‌మెరైన్ అది. ఒడ్డుకు తెచ్చి 2002లో మ్యూజియం చేశారు. సోమవారం సెలవు, మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇరుకు తలుపుల్లోంచి కాలు ఎత్తి, తల వంచి దాటాలి. అత్తగారు ఎదురుగా ఉన్న టీయూ–142 విమానం చూడటం నయం. ఆర్‌కే బీచ్‌లో మాత్రం నీళ్లలోకి దిగవద్దు. మోకాలి లోతులో నిలబడ్డవాళ్లను కూడా వెనక్కి లాగే ప్రవాహాలున్న ఒడ్డు అది. పిల్లలు తడవాలంటే రుషికొండ వెళ్లండి, అక్కడైనా జీవరక్షకులు ఉన్నవైపే.

రెండో రోజు: కిరండూల్ పాసింజరు పొద్దున్న ఏడులోపే బయల్దేరుతుంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి 1960ల్లో వేసిన లైను ఇది. కొత్తవలస దాటాక కొండలు మొదలై, 50కి పైగా సొరంగాల్లోంచి దూరుతూ పోతుంది. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టెలో సీట్లు తక్కువ. రిజర్వేషను 60 రోజుల ముందు తెరుస్తారు, శని ఆదివారాలకైతే తెరిచిన రోజే అయిపోతాయి. దొరక్కపోతే మామూలు రిజర్వుడు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి, కొండలు అవే.

ఇక్కడ ఒక కిటుకు. ఆ పొద్దున్నే అద్దె కారును సామానుతో ఘాట్ రోడ్డు మీదుగా బొర్రా పంపించెయ్యండి. మందుల సంచి, గుర్తింపు కార్డులు, ఒక స్వెటరు మాత్రం చేతిలో ఉంచుకోండి. మీరు బొర్రాగుహలు స్టేషన్లో దిగేసరికి బండి సిద్ధంగా ఉంటుంది. గుహలు తెరిచేది ఉదయం 10కి. దిగేటప్పుడు హాయిగానే ఉంటుంది, వెనక్కి మెట్లెక్కేటప్పుడే మోకాలు పట్టేస్తుంది. అత్తగారిని మొదటి పెద్ద గది దాకా తీసుకెళ్లి, అక్కడ కూర్చోబెట్టి మీరు లోపలికి వెళ్లండి. సున్నపురాతి మీద నీరు కారుతూ ఉంటుంది కాబట్టి అరిగిపోయిన చెప్పులు జారతాయి, పట్టున్న బూట్లు కావాలి. మధ్యాహ్నం భోంచేసి గాలికొండ దగ్గర ఆగుతూ నాలుగింటికి అరకు చేరండి. కటికి జలపాతానికి జీపుల్లో కుదిపేస్తారు, అది మీకు వద్దు.

మూడో రోజు: పొద్దున గిరిజన మ్యూజియం, తర్వాత డుంబ్రిగూడ దగ్గర చాపరాయి. నవంబరులో వెళుతున్నారు కాబట్టి దారి పొడుగునా వలిసె పూలు పసుపు పరిచినట్టుంటాయి. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కేస్తున్నారని రైతులు డబ్బులు అడుగుతున్నారు. ఇవ్వండి, అది వాళ్ల నూనె గింజల పంట. భోజనం అయ్యాక పాడేరు, రాత్రి అక్కడే.

నాలుగో రోజు: తొమ్మిదికి బయల్దేరి జి.మాడుగుల మీదుగా కొత్తపల్లి జలపాతం చూసి, చింతపల్లి దాటి లంబసింగి. కొత్తపల్లిలో పాచి పట్టిన బండల మీదే ఎక్కువమంది జారుతారు. పిల్లల్ని కంచె దాటనివ్వద్దు.

అయిదో రోజు: తెల్లవారుజామున మంచు చూసి, తొమ్మిదికి నర్సీపట్నం వైపు దిగి, తుని, అన్నవరం మీదుగా కాకినాడ. ఘాట్ దిగాక రోడ్డు బాగుంటుంది. కొండ మీద దర్శనం, విస్తరాకులో ప్రసాదం, అన్నీ కలిపి సాయంత్రానికి చేరతారు. ఆరో రోజు కోరంగి చూసుకుని రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. అది లింగంపల్లి దాకా వస్తుంది, మీ ఇంటికి దగ్గర.

కారు బేరం దగ్గరే చాలామంది నష్టపోతారు. ట్రావెల్స్ వాళ్లు కిలోమీటరు రేటు చెప్పి, రోజుకు కనీసం 250 లేదా 300 కిలోమీటర్లు లెక్క కడతారు. మీరు కొండల మీద రోజుకు అంత తిరగరు. అందుకని రోజువారీ అద్దె విడిగా, డీజిలు విడిగా మాట్లాడుకోండి. డ్రైవరు బత్తా, రాత్రి బస, టోలు, కాకినాడ నుంచి ఖాళీగా వెనక్కి వెళ్లే ఖర్చు ఎవరిదో ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. డ్రైవరు అరకు, పాడేరు ఘాట్లకు అలవాటుపడ్డవాడా అన్నది ఏసీ కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న.

అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు కూడా. విశాఖను చిందరవందర చేసిన హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. భారీ వర్షం పడితే కొండ చరియలు విరిగి కిరండూల్ రైలే రద్దవుతుంది. రద్దు చేసుకోవడానికి వీలున్న గదులే తీసుకోండి. బయల్దేరే ముందు రోజు రైలు నడుస్తోందో లేదో చూసుకుని, నడవకపోతే అదే కారులో శృంగవరపుకోట మీదుగా ఎక్కేయండి.

ప్రశ్న: క్రిస్మస్ సెలవులకి వస్తున్నాం. లంబసింగిలో మంచు పడుతుందని వీడియోల్లో చూసి పిల్లలు ఎగురుతున్నారు. నిజమేనా? టెంట్లలో ఉండొచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: మీ పిల్లలు అక్కడ చూసే స్నో ఇక్కడ ఉండదు, ముందే చెప్పెయ్యండి. ఉండేది పొగమంచు. బాగా చలి ఉన్న ఏడాది కొన్ని ఉదయాలు గడ్డి మీద, కార్ల పైకప్పు మీద నీరు పలచగా గడ్డకడుతుంది. ‘ఆంధ్రా కశ్మీరు’ అన్న పేరు దానికే వచ్చింది. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున కొండల మధ్య పల్లంలో ఉన్న ఊరు కావడంతో రాత్రి చల్లగాలి కిందికి దిగి అక్కడే నిలిచిపోతుంది. పైన మబ్బు లేని రాత్రి చలి ఎక్కువ. మబ్బు పట్టిన రాత్రి వెళితే ఏమీ కనపడక తిరిగొస్తారు. ఎండ ఎక్కితే, అంటే ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా, తెర తీసేసినట్టు అయిపోతుంది.

డిసెంబరు 24 నుంచి జనవరి 1 దాకా, సంక్రాంతి సెలవుల్లో, శని ఆదివారాల్లో వెళ్లకండి. తెల్లవారుజామున నాలుగింటికే నర్సీపట్నం ఘాట్‌లో బండ్లు బారులు తీరి, మీరు పైకి చేరేసరికి ఎండ వచ్చేస్తుంది. మీకు జనవరి మొదటి వారం దాకా ఉందంటే 5 తర్వాత మంగళ, బుధవారాలు చూసుకోండి. ఆ ముందు రాత్రే పైన బస చెయ్యాలి.

టెంట్ల సంగతి: ఫొటోలో ముచ్చటగా ఉంటాయి. అర్ధరాత్రి దాటాక మన ఊపిరిలో తేమే లోపలి గుడ్డకు పట్టి చుక్కలు చుక్కలుగా మొహం మీద పడుతుంది, దుప్పట్లు చెమ్మగిల్లుతాయి. పదేళ్ల లోపు పిల్లలుంటే గదే తీసుకోండి. టెంటే కావాలంటే మూడు అడగండి: నేల మీద ఏం పరుస్తారు, మనిషికి ఎన్ని రగ్గులు, బాత్రూం ఎన్ని టెంట్లకు ఒకటి. వేడినీళ్లు ‘ఉంటాయి’ అంటే ఎన్నింటికి ఇస్తారో కూడా అడగండి, చాలాచోట్ల కట్టెల పొయ్యి మీద కాచి బకెట్టు లెక్కన ఇస్తారు. జాకెట్టుతో పాటు చెవులు కప్పే టోపీ, సాక్సులు కూడా పెట్టుకోండి.

మన్యంలో మలేరియా ఉంది. సాయంత్రం నుంచి పొడుగు చేతుల చొక్కాలు, దోమల క్రీము తప్పదు. తిరిగి వెళ్లాక ఏడాదిలోపు జ్వరం వస్తే డాక్టరుకు మలేరియా ఉన్న ప్రాంతానికి వెళ్లొచ్చామని చెప్పండి. చెప్పకపోతే అక్కడివాళ్లకు మలేరియా ఆలోచనే రాదు. సిగ్నల్ లేనిచోట ఫోన్‌పే పనిచెయ్యదు, అయిదారువేలు చిల్లర నోట్లుగా పెట్టుకోండి.

ప్రశ్న: సొంత కారులో వెళుతున్నాం. విజయవాడలో తప్ప ఎక్కడా నడపలేదు. ఘాట్‌లో బ్రేకులు ఫెయిలవుతాయని భయపెడుతున్నారు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మంచి బ్రేకులే కొండ దిగేటప్పుడు పోతాయి. కాలు అదే పనిగా పెడల్ మీద ఉంచితే డిస్కులు కాలి, ఆ వేడికి బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది. తర్వాత పెడల్ ఎంత తొక్కినా మెత్తగా కిందికి పోతుంది. ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగండి, అంటే ఎక్కువగా రెండో గేరు. ఆటోమేటిక్ అయితే ‘ఎల్’ లేదా మాన్యువల్ మోడ్. న్యూట్రల్లో పెట్టి పెట్రోలు మిగుల్చుకుందామని ఎప్పుడూ చూడకండి. కాలిన వాసన వస్తే వెడల్పు ఉన్నచోట పక్కకు తీసి అరగంట ఆగండి. నీళ్లు పొయ్యకండి, డిస్కు వంకరపోతుంది. చక్రం కింద రాయి పెడితే కదిలేటప్పుడు దాన్ని రోడ్డు మీంచి తీసి పక్కన పడెయ్యండి. ఎవరో వదిలేసిన రాయి మలుపులో వెనకొచ్చే బైకు ప్రాణం మీదికి వస్తుంది.

ఎక్కే బండికి దారి ఇవ్వాలి. ఆర్టీసీ బస్సు హెయిర్‌పిన్ మలుపు తిరగడానికి రోడ్డంతా కావాలి, హారన్ వినపడగానే మలుపుకు ముందే ఆగిపొండి. పొగమంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు, లో బీమ్, ఫాగ్ ల్యాంపులు చాలు. పాడేరు, లంబసింగి మీదుగా వెళ్లే 516ఈ జాతీయ రహదారిలో విస్తరణ పనులున్నచోట కంకర, బురద ఉంటాయి. మ్యాప్ చెప్పిన సమయానికి మూడో వంతు కలుపుకోండి. అరకు, పాడేరులో ట్యాంకు నింపుకోండి, సగానికి తగ్గనివ్వద్దు.

వాంతులకు మందు బయల్దేరే గంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే అదీ బయటికే పోతుంది. పొద్దున పూరీలు, చపాతీ కుర్మా మానేసి రెండు ఇడ్లీలు తినండి. ఫోను చూసేవాళ్లకే ముందు తిరుగుతుంది. పాడేరు నుంచి చోడవరం వైపు దిగితే మాడుగులలో హల్వా కొనుక్కోండి. గోధుమ పాలతో చేస్తారు, కొన్ని రోజులు నిలవుంటుంది. కడుపు కుదురుకున్నాకే తినండి మరి.

ప్రశ్న: పోయినేడు కోరంగి వెళితే బోటు వెయ్యలేదు, కారణం చెప్పలేదు. అక్కడ బోటు ఎప్పుడుంటుంది?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: మీరు ఆటు సమయంలో వెళ్లి ఉంటారు. మడ అడవిలో కాలవలు సముద్రంతో కలిసే ఉంటాయి. నీరు తీసిందంటే బురద బయటపడి బోటు అడుగు తగులుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. అదే పోటు మర్నాడు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అందుకే నిన్న పదింటికి బోటెక్కినవాళ్ల మాట నమ్మి ఇవాళ పదింటికి పోతే కుదరకపోవచ్చు. కాకినాడ పోర్టు టైడ్ టేబుల్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. పోటు గరిష్ఠంగా ఉండే సమయానికి గంటన్నర ముందు చేరండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీరు బాగా పైకి వస్తుంది, బాగా కిందికీ పోతుంది. సమయం తప్పితే ఆ రోజుల్లో ఇంకా కష్టం.

బోటు లేకపోయినా చెక్క వంతెన మీద నడక చాలా బాగుంటుంది, ఆటు సమయంలోనే ఇంకా బాగుంటుంది. నీరు లేనప్పుడే బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్లు, వాటి మధ్య పీతలు, మట్టి మీద గెంతే చేపలు కనపడతాయి. కొమ్మలు విరవనివ్వద్దు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. బావురుపిల్లి బొమ్మలు బోర్డుల మీద చూసి ఎదురుచూడకండి, అది రాత్రి తిరిగే జంతువు. తాగునీళ్లు, టోపీ మీవే తెచ్చుకోండి.

ప్రశ్న: ఆగస్టులో పాపికొండలు వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వద్దు. గోదావరి వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారు. ఎవరైనా తీసుకెళతామంటే అసలు నమ్మకండి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగింది వరద ఉధృతిలోనే. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. లైఫ్ జాకెట్టు ఎక్కగానే తొడుక్కుని, పట్టీలు బిగించి, దిగేదాకా తియ్యకండి. పిల్లల సైజు జాకెట్లు ఉన్నాయా అని టికెట్టు కొనేటప్పుడే అడగండి. ఖమ్మం నుంచైతే రాజమండ్రి దాకా పోనక్కర్లేదు, భద్రాచలం మీదుగా పోచవరం రేవు దగ్గర.