కాలేజీ ఐస్ హాకీ: జట్లు గూడు మారితే పోటీ ఏమైంది?
(ఆటల శీర్షిక – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: మా అబ్బాయి మిన్నెసోటా యూనివర్సిటీలో ఎం.ఎస్. చదువుతున్నాడు. అక్కడ ఐస్ హాకీ మ్యాచ్‌లకి వెళ్తుంటాడు. ‘2013లో అంతా మారిపోయింది, నార్త్ డకోటాతో మునుపటి పోరు ఏదీ?’ అని పాత అభిమానులు వాపోతుంటారట. అసలేం జరిగింది? – భీమవరం నుంచి

జవాబు: అమెరికా కాలేజీల్లో పై స్థాయిలో, అంటే డివిజన్ 1లో, ఐస్ హాకీ ఆడే మగపిల్లల జట్లు అరవై పైచిలుకు. ఇవి కాన్ఫరెన్స్‌లుగా జట్టు కట్టి, సీజన్‌లో ఎక్కువ మ్యాచ్‌లు తమలో తామే ఆడుకుంటాయి. 2013 దాకా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో రెండు పెద్ద కాన్ఫరెన్స్‌లుండేవి: డబ్ల్యూసీహెచ్‌ఏ, సీసీహెచ్‌ఏ. మిన్నెసోటా, నార్త్ డకోటా రెండూ మొదటిదాంట్లోనే.

బిగ్ టెన్ అనేది పెద్ద యూనివర్సిటీల క్రీడా కాన్ఫరెన్స్. వాటిలో హాకీ జట్లున్నవి అప్పటికి అయిదే. కాన్ఫరెన్స్ విజేతకి జాతీయ టోర్నీలో నేరుగా చోటు రావాలంటే కనీసం ఆరు జట్లుండాలి. 2010లో టెర్రీ పెగులా అనే దాత బిగ్ టెన్‌లోదే అయిన పెన్ స్టేట్ యూనివర్సిటీకి రింకు (మంచు మైదానం) కోసం, జట్టు కోసం 8.8 కోట్ల డాలర్లు ప్రకటించారు. దాంతో ఆరో జట్టు దొరికింది. బిగ్ టెన్‌కి సొంత టీవీ ఛానల్ ఎటూ ఉంది. మిన్నెసోటా, విస్కాన్సిన్ డబ్ల్యూసీహెచ్‌ఏ నుంచీ, మిషిగన్, మిషిగన్ స్టేట్, ఒహాయో స్టేట్ సీసీహెచ్‌ఏ నుంచీ వచ్చి చేరాయి. 2013-14లో ఆట మొదలైంది.

పెద్ద జట్లు పోతే తమ గతేమిటని నార్త్ డకోటా, డెన్వర్, మిన్నెసోటా డులూత్ వంటివి 2011లోనే ఎన్‌సీహెచ్‌సీ పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. పాత సీసీహెచ్‌ఏ 2013లో మూతపడింది.

ఆ తర్వాత మూడు సీజన్లు మిన్నెసోటా, నార్త్ డకోటాల మధ్య షెడ్యూల్ ప్రకారం ఒక్క మ్యాచ్ కూడా లేదు. 2014 జాతీయ సెమీఫైనల్లో మాత్రం ఎదురుపడ్డాయి. ఇంకా 0.6 సెకను మిగిలుండగా గోల్ కొట్టి మిన్నెసోటా 2-1తో గెలిచింది. అలాంటి పోరు ఏటా శీతాకాలంలో చూసినవాళ్ళకి ఆ వెలితి చిన్నది కాదు. 2016-17 నుంచి మళ్ళీ ఆడుకుంటున్నారు కానీ, కాన్ఫరెన్స్ పాయింట్లు లేని మ్యాచ్‌లవి.

ప్రశ్న: బలమైన కాన్ఫరెన్స్‌లో ఉంటే ఓటములు పెరుగుతాయి కదా. అలాంటప్పుడు అందులో చేరాలని ఎందుకంత ఆరాటం? – తణుకు నుంచి ఒక లెక్కల మాస్టారు

జవాబు: మాస్టారూ, అసలు కిటుకు లెక్కలోనే ఉంది. జాతీయ టోర్నీలో ఆడేది 16 జట్లే. ఆరు కాన్ఫరెన్స్‌ల విజేతలు నేరుగా వెళ్తారు. మిగిలిన 10 చోట్లు అంకెలు చూసి ఇస్తారు. 2013-14 నుంచి చాలా ఏళ్ళు నడిచిన, జట్ల బలాబలాలు లెక్కకట్టే ఆర్‌పీఐ పద్ధతిలో జట్టు సొంత గెలుపు శాతానికి 25 పాళ్ళు, ప్రత్యర్థుల గెలుపు శాతానికి 21, ఆ ప్రత్యర్థుల ప్రత్యర్థులకి 54. అంటే నూటికి 75 పాళ్ళు ఎవరితో ఆడావన్నదే.

ఊహకి ఒక లెక్క వేద్దాం. బలమైన కాన్ఫరెన్స్‌లో ఒక జట్టు సగమే గెలిచింది (0.500). దాని ప్రత్యర్థులది 0.550, వాళ్ళ ప్రత్యర్థులది 0.520. మొత్తం 0.125 + 0.1155 + 0.2808, అంటే సుమారు 0.521. బలహీనమైన కాన్ఫరెన్స్‌లో మరో జట్టు 0.650 గెలిచింది. ప్రత్యర్థులది 0.450, వాళ్ళ ప్రత్యర్థులది 0.480. మొత్తం 0.1625 + 0.0945 + 0.2592, సుమారు 0.516. నూటికి 65 గెలిచిన జట్టు సగం గెలిచినదాని కంటే వెనకబడింది!

ఇంకో సంగతి. కాన్ఫరెన్స్ లోపలి మ్యాచ్‌లో ఒకరు గెలిస్తే ఒకరు ఓడతారు, కూడితే ఎప్పుడూ సగమే. కాబట్టి కాన్ఫరెన్స్ మొత్తం బలం తేలేది బయటి జట్లతో ఆడే కొద్ది మ్యాచ్‌ల్లోనే. సీజన్‌లో 34 మ్యాచ్‌ల పరిమితి. ఎన్‌సీహెచ్‌సీలో 24 లోపలివే, బయటివి పదే. అవీ ఎక్కువగా అక్టోబరు నుంచి జనవరి మొదటి వారం లోపు అయిపోతాయి. అప్పుడు తప్పటడుగు వేస్తే ఫిబ్రవరిలో ఎంత చెమటోడ్చినా కూడేది తక్కువ. పెద్ద జట్లు చిన్నవాటిని తమ రింకుకే రప్పించుకుంటాయి కాబట్టి కొంత సర్దుబాటు పెట్టారు: ప్రత్యర్థి రింకులో గెలిస్తే 1.2 గెలుపు, సొంత రింకులో గెలిస్తే 0.8. సొంత రింకులో ఓడితే 1.2 ఓటమి. 2025-26 నుంచి ఎన్‌పీఐ అనే కొత్త సూచీ వచ్చింది. అందులోనూ ప్రత్యర్థి బలానికే పెద్దపీట.

ప్రశ్న: మా అమ్మాయికి అరిజోనా స్టేట్‌లో సీటొచ్చింది. ఆ ఎడారిలో ఐస్ హాకీ ఏమిటండీ? – అమలాపురం నుంచి

జవాబు: ఉందండీ, గట్టి జట్టే. 2015-16లో డివిజన్ 1లోకి వచ్చి, ఏ కాన్ఫరెన్సూ లేకుండానే 2019 జాతీయ టోర్నీకి వెళ్ళింది. 2022లో టెంపేలో మల్లెట్ అరీనా తెరిచారు. 2024-25లో ఎన్‌సీహెచ్‌సీలో చేరి మొదటి ఏడే రెండో స్థానం సాధించింది. అయినా 16 జట్లలో చోటు దక్కలేదు. కాన్ఫరెన్స్‌లో స్థానం చూసి కాదు, పై జవాబులో చెప్పిన అంకెలు చూసే చోటిస్తారు మరి. మ్యాచ్‌కి వెళ్ళేటప్పుడు అమ్మాయిని స్వెటర్ మరిచిపోవద్దనండి.

ప్రశ్న: డబ్బున్న బిగ్ టెన్‌కే కప్పులన్నీ పోతున్నాయా? – పాలకొల్లు నుంచి

జవాబు: లేదు. 2016 నుంచి 2025 వరకు జరిగిన తొమ్మిది జాతీయ టోర్నీల్లో (2020లో కరోనా వల్ల జరగలేదు) ఏడు ఎన్‌సీహెచ్‌సీవే. ఆ కాలంలో బిగ్ టెన్‌కి ఒక్కటీ రాలేదు. 2018లో చివరి నలుగురిలో ముగ్గురు బిగ్ టెన్ వాళ్ళే, కప్పు మాత్రం ఎన్‌సీహెచ్‌సీ జట్టు డులూత్ పట్టుకుపోయింది. 2025లో హాకీ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్ నుంచి ఆరు జట్లు టోర్నీకెళ్ళాయి, ఎన్‌సీహెచ్‌సీ నుంచి రెండే. అందులో ఒకటైన వెస్టర్న్ మిషిగన్ తొలిసారి విజేత అయింది. సమ ఉజ్జీలు ఏడాదంతా తలపడటం వల్ల ఆ కాన్ఫరెన్స్ ఆట రాటుదేలిందనే మా అభిప్రాయం.

ప్రశ్న: మరి చిన్న కాలేజీల సంగతో? – నరసాపురం నుంచి

జవాబు: మీది కాలువ శివారు ప్రాంతం కాబట్టి ఇట్టే బోధపడుతుంది. ఎగువ చేలు కావలసినంత నీరు పెట్టుకున్నాక దిగువకి వచ్చేదెంత? 2013లో పెద్దవి పోగా మిగిలినవాటిని కూర్చి డబ్ల్యూసీహెచ్‌ఏని పది జట్లతో నిలబెట్టారు. అందులో అలాస్కా జట్లు రెండు, దక్షిణాన అలబామా హంట్స్‌విల్ ఒకటి. అలాస్కాలోని యాంకరేజ్ నుంచి హంట్స్‌విల్‌కి 5 వేల కిలోమీటర్ల పైమాటే. విమానం ఖర్చులకీ, పోయే క్లాసులకీ తాళలేక మిగతా ఏడు జట్లు 2021లో విడిపోయి, సెయింట్ థామస్ యూనివర్సిటీని కలుపుకుని సీసీహెచ్‌ఏ పేరును మళ్ళీ నిలబెట్టాయి. మగవారి డబ్ల్యూసీహెచ్‌ఏ అక్కడితో ఆగింది, ఆడవారిది నడుస్తోంది.

రెండు అలాస్కా జట్లకీ, హంట్స్‌విల్‌కీ గూడు లేకపోయింది. కాన్ఫరెన్స్ లేదంటే నేరుగా వచ్చే చోటు లేదు, 34 మ్యాచ్‌లకీ ఒక్కొక్కరినీ బతిమాలుకోవాలి. జనవరి తర్వాత అందరూ లోపలి మ్యాచ్‌ల్లో ఉంటారు, పిలిచినా రారు. హంట్స్‌విల్ 2021లో జట్టును ఆపేసింది. యాంకరేజ్‌లో జట్టు రద్దంటే, సుమారు 30 లక్షల డాలర్ల చందా పోగుచేసి 2022-23లో మళ్ళీ దింపారు. ఆ ఊరివాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. అలాస్కాకి ఒక ఊరట ఉంది: అక్కడికొచ్చి ఆడే జట్టుకి ఆ మ్యాచ్‌లు 34 పరిమితిలోకి రావు. కాబట్టి అదనపు మ్యాచ్‌లు కావలసినవాళ్ళు వెళ్తారు.

సీసీహెచ్‌ఏకి మళ్ళీ గండి పడింది. సెయింట్ థామస్ 2026-27 నుంచి ఎన్‌సీహెచ్‌సీకి వెళ్తోంది.