గ్రీన్స్‌బరోలో ఇంజినీరింగ్ సీటు, ఖర్చులు

ప్రశ్న: నాలుగేళ్లుగా షార్లెట్‌లో ఉంటున్నాము, గ్రీన్‌కార్డు వచ్చింది. మా అమ్మాయి గ్రీన్స్‌బరోలోని నార్త్ కరొలైనా ఎ అండ్ టి స్టేట్ యూనివర్సిటీలో మెకానికల్ చదువుతానంటోంది. అది నల్లజాతీయుల విశ్వవిద్యాలయం కదా, మనవాళ్లకు సీటిస్తారా, చదువు బాగుంటుందా అని బంధువులు అడుగుతున్నారు. గుంటూరులోని మా తమ్ముడి కొడుకు అక్కడే ఎమ్మెస్‌కు దరఖాస్తు చేస్తాడట. ఇద్దరికీ ఖర్చు ఒకటేనా?
– ఒక తల్లి, షార్లెట్

జవాబు: సీటు విషయంలో జాతి అడ్డు కాదు, అర్హతలుంటే ఎవరైనా చేరవచ్చు. నల్లజాతి విద్యార్థులను ఉన్న కళాశాలల్లో చేర్చుకోవాలి, లేదా వారికి వేరే కళాశాల పెట్టాలి అని 1890 నాటి రెండవ మోరిల్ చట్టం రాష్ట్రాలకు షరతు పెట్టడంతో, వ్యవసాయం, సాంకేతిక విద్య నేర్పడానికి 1891లో ఈ సంస్థ పుట్టింది. ఇప్పుడు నల్లజాతి ఇంజినీర్లను తయారుచేయడంలో దేశంలోనే దీనికి పెద్ద పేరు. ఛాలెంజర్ ప్రమాదంలో మరణించిన వ్యోమగామి రొనాల్డ్ మెక్‌నెయిర్ 1971లో ఇక్కడే భౌతికశాస్త్రంలో పట్టా పొందారు. అందుచేత చదువు గురించి బంధువుల అనుమానానికి ఆధారం లేదు.

క్యాంపస్ చూడడానికి వెళ్లినప్పుడు, పక్కపక్కనే నడుస్తున్న నలుగురు యువకుల విగ్రహాల దగ్గర మీ అమ్మాయితో కాసేపు ఆగండి. 1960 ఫిబ్రవరి 1న ఊళ్లోని వూల్‌వర్త్ దుకాణంలో, తెల్లవారికి మాత్రమే వడ్డించే బల్ల దగ్గర కూర్చుని కాఫీ అడిగి నిరసన తెలిపిన వీరు నలుగురూ అప్పుడు ఇక్కడ మొదటి సంవత్సరం నల్లజాతి విద్యార్థులు. మనవాళ్లకు ఈ దేశపు తలుపులు తెరిచిన 1965 వలస చట్టం కూడా, అలాంటి నిరసనలతో సాగిన పౌరహక్కుల ఉద్యమ కాలంలో వచ్చినదేనని బంధువులకు చెప్పండి.

ఇక ఖర్చు. ఇది ప్రభుత్వ విశ్వవిద్యాలయం కాబట్టి, రాష్ట్రంలో స్థిరనివాసం ఉన్నవారికి ట్యూషన్ చాలా తక్కువ. పన్నెండు నెలల నివాసాన్ని రాష్ట్రపు రెసిడెన్సీ నిర్ధారణ సేవ ద్వారా నిరూపించుకోవాలి. దరఖాస్తుతో పాటే ఈ పని ముగించండి, ఆలస్యమైతే బయటి రాష్ట్రాలవారి లెక్కన బిల్లు రావచ్చు. ఒకసారి స్థానికురాలిగా తేలితే, డిగ్రీ విద్యార్థులకు వరుసగా ఎనిమిది సెమిస్టర్లు ట్యూషన్ పెరగదు. గ్రీన్‌కార్డు ఉన్నందున ఫాఫ్సా (కేంద్ర ప్రభుత్వ విద్యార్థి సాయానికి దరఖాస్తు) నింపి ఫెడరల్ సాయమూ కోరవచ్చు. హాస్టల్, భోజనం, ఇతర ఫీజులు వేరు. ఇదే రాష్ట్రంలో, నల్లజాతీయుల కోసమే ఏర్పడిన ఎలిజబెత్ సిటీ స్టేట్, ఫయెట్‌విల్ స్టేట్ విశ్వవిద్యాలయాల్లో స్థానిక డిగ్రీ విద్యార్థులకు సెమిస్టర్ ట్యూషన్ 500 డాలర్లే. అయితే మీ అమ్మాయికి మెకానికల్ మీదే పట్టుదల ఉంటే గ్రీన్స్‌బరోనే తగినదని నా అభిప్రాయం.

మీ మేనల్లుడి లెక్క పూర్తిగా వేరు. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చేవారు ఎన్నేళ్లున్నా స్థానికులుగా లెక్కకు రారు, ఫాఫ్సా వర్తించదు, వీసాకు కావలసిన, విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రం కోసం మొదటి ఏడాది ఖర్చంతటికీ డబ్బు చూపించాలి. తన ఆసక్తికి దగ్గరగా పరిశోధన చేస్తున్న ప్రొఫెసర్లకు ఇప్పటినుంచే రాయమనండి. అసిస్టెంట్‌షిప్ (చదువుతూ విశ్వవిద్యాలయంలోనే చేసే జీతపు పని) లేఖ చేతికి రాకముందే దాన్ని లెక్కలో వేసుకుని పొలం తాకట్టు పెట్టవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి.