పాత కారుకు ఎడమవైపు రెండో స్టీరింగ్ పెట్టించవచ్చా?

మీ పాత మారుతి 800కు ఎడమవైపు కూడా స్టీరింగ్ బిగింపించి, మీ అమ్మాయికి మీరే డ్రైవింగ్ నేర్పాలనుకుంటున్నట్టు రాసి, అది క్షేమమేనా అని అడిగారు. విశాఖపట్నం మద్దిలపాలెంలో ఒక డ్రైవింగ్ స్కూలులో పదకొండేళ్లు నేర్పినవాడిగా, అటువంటి కారులో ఎడమవైపు సీట్లో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఆ ఆలోచన మానుకోండి.

నేను చేరిన కొత్తలో మా యజమాని అలా మార్పించిన ఒక పాత అంబాసిడర్ కొన్నారు. రెండు స్టీరింగ్ కడ్డీలకూ పళ్ల చక్రాలు బిగించి, డ్యాష్‌బోర్డు వెనుక వాటిని గొలుసుతో కలిపారు. కొన్నాళ్లకే గొలుసు వదులై ప్లే, అంటే చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఊరికే తిరిగే ఖాళీ, పెరిగింది. నేను ఇంత తిప్పితే గాని చక్రాలు కదిలేవి కావు. మలుపు తిరిగాక తనంతట తాను వెనక్కి రావలసిన స్టీరింగ్ ఆ గొలుసు రాపిడికి సగంలోనే ఆగిపోయేది. అయినా ఇవన్నీ షెడ్డులో సరిచేయగల లోపాలే.

అసలు చిక్కు పెదవాల్తేరు నుంచి బీచ్ వైపు దిగే వాలులో నాకు తెలిసివచ్చింది. ఎదురుగా ఒక ఆటో అడ్డం రాగానే, నేర్చుకుంటున్న కుర్రవాడు బెదిరిపోయి స్టీరింగును రెండు చేతులతో బిగబట్టి కుడికి లాగాడు, నేను ఎడమకు లాగాను. రెండూ ఒకే గొలుసుకు కట్టి ఉన్నాయి కాబట్టి ఏదీ తిరగలేదు. ఆ రోజు మమ్మల్ని కాపాడింది ఎడమవైపు నా కాలి కిందున్న రెండో బ్రేకు. ఫుట్‌పాత్ అంచుకు బంపర్ తగిలి కారు ఆగింది. బ్రేకుకు ఈ పేచీ లేదు. ఇద్దరిలో ఎవరు తొక్కినా బండి ఆగుతుంది, రెండోవాడు కాదనడానికి వీలుండదు. పైగా తన చేతుల్లో స్టీరింగ్ దానంతటదే తిరుగుతుంటే, ఏ మలుపుకు ఎంత తిప్పాలో నేర్చుకునేవారికి ఎన్నటికీ పట్టుబడదు.

రెండు స్టీరింగులు ఎక్కడా పనికిరావని కాదు. అమెరికాలో పల్లె దారుల్లో తపాలా పంచేవారిలో కొందరు, రోడ్డు పక్కనున్న పెట్టెలు కుడి కిటికీకి అందాలని, తమ సొంత కార్లకు పుల్లీలు, బెల్టులతో కుడివైపు కూడా స్టీరింగ్, పెడళ్లు పెట్టించుకుంటారు. రోడ్లు ఊడ్చే కొన్ని యంత్రాలకూ, అంచు బాగా కనబడే వైపు నుంచి నడపడానికి, రెండువైపులా స్టీరింగ్ ఉంటుంది. కానీ అక్కడ ఒక సమయంలో నడిపేది ఒక్కరే.

చట్టం సంగతి చూస్తే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 24వ నిబంధన స్కూలు కార్లకు అడిగేది, నేర్పేవారు బండిని అదుపు చేయడానికి లేదా ఆపడానికి వీలైన డ్యూయల్ కంట్రోల్ మాత్రమే. అందుకే మనకు కనబడే స్కూలు కార్లలో ఎడమవైపు బ్రేకు, క్లచ్ మాత్రమే ఉంటాయి; స్టీరింగును కుడిచేత్తో పక్కనుంచి సర్దుతాం. సొంత కారు విషయానికొస్తే, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ అంటుంది, సుప్రీంకోర్టు కూడా 2019లో ఆ మాటనే గట్టిగా చెప్పింది. షెడ్డులో ఎవరైనా "ఏమీ కాదు సార్, చేసేద్దాం" అంటే నమ్మకండి.

మొదటి రెండు మూడు వారాలు అమ్మాయిని స్కూలులో నేర్చుకోనివ్వండి. డబ్బు కట్టేముందు ఎడమవైపు సీట్లో కూర్చుని బ్రేకు పెడల్ తొక్కి చూడండి. దాన్ని అసలు బ్రేకుకు కలిపే కేబుల్ వదులుగా ఉండి సగం దూరం ఊరికే దిగిపోతే మరో స్కూలు వెతుక్కోండి. ఆ తరువాత మీ మారుతికి ముందూ వెనకా ఎల్ బోర్డు కట్టి, లైసెన్సున్న మీరు పక్కన కూర్చుని, మధురవాడ లేఅవుట్లలోని ఖాళీ దారుల్లో సాధన చేయించవచ్చు. సీట్ల మధ్యనున్న హ్యాండ్ బ్రేకు మీ కుడిచేతికి అందుతుంది. అది వెనుక చక్రాలనే పట్టుకుంటుంది కాబట్టి ఒక్కసారిగా గుంజకుండా, బటన్ నొక్కి ఉంచి మెల్లగా లాగడం ముందు మీరు అలవాటు చేసుకోండి.